తెరచాప పందెములు: అమెరికా కప్పు కథ

పందెము అనగానే మనకు స్ఫురించునవి ఎడ్ల బండ్ల పందెములు, కోనసీమ కాలువలలోని పడవల పందెములు, నగరములలోని గుఱ్ఱపు పందెములు. వీనిలో దేనిని చూడబోయినను జనులు వాదించుకొను విషయ మొకటి యుండును. గెలుపు ఎవరిది? ఎద్దులదా, తోలినవానిదా? గుఱ్ఱముదా, రౌతుదా? ఇట్టి వాదమే ఒక వెండి కప్పు నిమిత్తము 1851 నుండి సముద్రముపై జరుగుచున్నది. ఆ కప్పు పేరు అమెరికా కప్పు. మొదటి ఆధునిక ఒలింపిక్ క్రీడలకు 45 ఏండ్ల ముందే దీని కథ మొదలైనది. ఆ కథను, దానితోపాటు తెరచాప నౌక ఎట్లు మాఱుచు వచ్చినదో ఆ వివరమును పాఠకులకు తెలుపుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

సరకుల రవాణాకును యుద్ధమునకును గాక వినోదమునకై తెరచాప నౌకలను నడుపు అలవాటు ముందుగా హాలండు దేశమున ప్రబలినది. ఇట్టి నౌకను యాట్ అందురు. ఈ పేరును డచ్చివారి భాషలోనిదే. వేటాడుట అను అర్థముగల మాటనుండి పుట్టినది. 1660లో సింహాసనము తిరిగి దక్కిన ఇంగ్లండు రాజు రెండవ ఛార్లెసునకు డచ్చివారు ఒక యాట్‌ను కానుకగా నిచ్చిరి. మఱుసటి యేట ఆయనయు, ఆయన తమ్ముడు జేమ్సును చెరియొక నౌక నెక్కి థేమ్సు నదిపై గ్రీనిచ్ నుండి గ్రేవ్సెండు వఱకు పోయి తిరిగి వచ్చుటకు 100 పౌనుల పందెము వేసికొనిరి. పోవునప్పుడు తమ్ముడు ముందుండెను. వచ్చునప్పుడు అన్న గెలిచెను. నాటినుండి ఇది రాజులును ధనికులును మక్కువతో నాడు ఆటయైనది.

ఇక 1851వ సంవత్సరమునకు వత్తము. ఆ యేడు లండనులో స్ఫటిక భవనమున సకల దేశముల వస్తువుల మహాప్రదర్శనము జరిగెను. ఆ సందర్భమున అమెరికావారి నౌకానిర్మాణ నైపుణ్యమును గూడ చూపింపవలె నని న్యూయార్కు యాట్ క్లబ్బు పెద్దయగు జాన్ కాక్స్ స్టీవెన్స్ తలచెను. ఆయనయు కొందఱు మిత్రులును కలిసి ఒక నౌకను కట్టించి దానికి 'అమెరికా' అని పేరు పెట్టిరి. రూపకల్పన చేసినవాడు జార్జి స్టీర్స్ అను శిల్పి. ఆయన న్యూయార్కు రేవులో దారి చూపు పైలట్ల పడవలను నిర్మించుటలో దిట్ట. దూరమున ఓడ కనబడగానే ఆ పైలట్లు ఒకరినొకరు మించి పరుగెత్తువారు. ముందు చేరినవానికే కూలి. కావున వారి పడవలకు వేగమే జీవనాధారము. ధనికుల వినోదనౌకకు ఆకృతి వచ్చినది ఈ కూలిపడవల నుండియే యని గమనింపవలెను.

ఆ కాలపు ఇంగ్లీషు యాట్ల ముందు భాగము చేప తలవలె లావుగా నుండి, వెనుక భాగము సన్నగా నుండెడిది. 'అమెరికా' ఇందుకు విరుద్ధముగా ముందు వైపున కత్తివలె సన్నగా నుండి, నడిమికి వెనుకగా వెడల్పయ్యెను. తెరచాపలలోను భేద ముండెను. ఇంగ్లీషువారివి అవిసెనార గుడ్డతో కుట్టినవి. అవి సంచులవలె ఉబ్బుచుండుటచే గాలి పట్టుటకై వానిని నీటితో తడుపుచుండిరి. అమెరికావారివి యంత్రముపై దట్టముగా నేసిన నూలు గుడ్డవి. అవి బల్లవలె చదునుగా బిగిసి నిలిచినవి.

1851 ఆగస్టు 22న రాయల్ యాట్ స్క్వాడ్రన్ అను ప్రభువుల సంఘము వైట్ ద్వీపమును చుట్టివచ్చు పందెమును నడిపెను. లంగరు తాడు చిక్కుపడి 'అమెరికా' ఆలస్యముగా బయలుదేరెను. ఐనను సాయంకాలమునకు గమ్యము చేరిన మొదటి నౌక అదియే. తూర్పున నిలిపియున్న ఒక దీపపు ఓడను చుట్టిరాకుండ లోపలి దారిని వచ్చినదని కొందఱు ఆక్షేపించిరి. పందెపు నియమములు రెండు విధములుగ వ్రాయబడి యుండుటచే ఆ ఆక్షేపణ నిలువలేదు. ఈ విధముగ ఈ పందెమునకు గెలుపుతోపాటు తగవును మొదటి దినముననే పుట్టినది.

బహుమానముగా నిచ్చినది 100 పౌనుల విలువగల వెండి కూజా. లండనులోని గెరార్డు అను నగల వర్తకులు దానిని చేసిరి. అది చూచుటకు ఎంత ఒయ్యారముగా నున్నను, దానికి అడుగు లేదు. నీరు పోసిన నిలువదు. 1857లో దాని యజమానులు దానిని న్యూయార్కు యాట్ క్లబ్బునకు ఒప్పగించి ఒక దానపత్రము వ్రాసిరి. ఏ విదేశపు యాట్ క్లబ్బైనను సవాలు చేసి ఈ కప్పునకై పోటీ పడవచ్చుననియు, ఇది దేశముల నడుమ స్నేహపూర్వకమైన పోటీకై శాశ్వతముగా నుండవలెననియు దాని సారాంశము. గెలిచిన నౌక పేరుననే దీనికి అమెరికా కప్పు అను పేరు వచ్చినది గాని, దేశము పేరున గాదు.

ఇచ్చట కొంచె మాగి, తెరచాప నౌక ఎట్లు నడచునో తెలిసికొనవలెను. ఇది తెలిసిన గాని తరువాతి కథ బోధపడదు. వెనుకనుండి వీచు గాలి నౌకను త్రోయుట యెవరికైనను తెలియును. గోదావరిపై తెరచాప యెత్తిన పడవ గాలివాలున పోవుట మన పెద్దలు చూచినదే. కాని గాలికి ఎదురుగా పోవు టెట్లు? తిన్నగా ఎదురు పోవుట అసాధ్యము. ఏటవాలుగా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మెలికలు తిరుగుచు పోవలెను. అట్లు పోవునప్పుడు వంపు తిరిగిన తెరచాప పక్షిరెక్కవలె పనిచేయును. దాని వెలుపలి వంపున గాలి యొత్తిడి తగ్గును, లోపలి వైపున హెచ్చును. ఈ తేడాచే పుట్టిన బలము నౌకను చాలవఱకు ప్రక్కకును, కొంత ముందునకును లాగును.

ప్రక్కకు పోకుండ ఆపునది నౌక అడుగున నీటిలోనికి దిగియుండు పలుచని గోడ. దీనిని కీల్ అందురు. పై నుండి గాలియు, క్రింద నుండి నీరును నొక్కగా నౌకకు మిగిలిన దారి ముందునకే. తడి చింతగింజను రెండు వ్రేళ్ల నడుమ నొక్కిన చివ్వున ముందునకు జారుట మనమందఱ మెఱిగినదే. తెరచాప నౌక నడకయు ఇట్టిదే. కీల్ చివర సీసపు దిమ్మ నుంచుటచే నౌక పల్టీకొట్టకుండ నిలుచును.

మఱియొక సంగతి. నీటిని చీల్చుకొని పోవు నౌక తన వెంట ఒక అలను లేపును. వేగము హెచ్చినకొలది ఆ అల పొడవును హెచ్చును. అల పొడవు నౌక పొడవుతో సమమైనప్పుడు నౌక తాను త్రవ్వుకొన్న గోతిలో తానే చిక్కుకొన్నట్లగును. అంతకు మించి పోవలె నన్న ఎంత గాలియు చాలదు. అందుచే పొడుగు నౌకకు వేగము హెచ్చు. నీటి మట్టమున 45 అడుగుల పొడవుగల నౌకకు ఈ హద్దు ఇంచుమించు 9 నాట్లు. 90 అడుగుల నౌకకు 13 నాట్లకు కొంచెము తక్కువ. నాట్ అనగా గంటకొక సముద్రపు మైలు, 1.85 కిలోమీటర్లు. ఈ హద్దును దాటుటకు మానవుడు చేసిన ప్రయత్నమే ఈ కప్పు చరిత్రలో ముఖ్యభాగము.

మొదటి సవాలు 1870లో వచ్చెను. జేమ్స్ ఆష్బరీ అను ఇంగ్లీషు ధనికుడు 'కేంబ్రియా' నౌకపై అట్లాంటికు దాటి వచ్చెను. న్యూయార్కువారు ఆయన ఒక్క నౌకకు ఎదురుగా తమ నౌకలు 17 నిలిపిరి. 'మ్యాజిక్' అను నౌక గెలిచెను. ఇది న్యాయమా యని ఆయన అడిగెను. తరువాతి పందెములలో నౌకకు నౌక అను పద్ధతి వచ్చినది. 1887లో దానపత్రమును తిరుగ వ్రాసిరి. ఒక కొయ్యగల నౌక నీటిమట్టమున 65 నుండి 90 అడుగుల వఱకు ఉండవచ్చుననియు, సవాలు చేసిన నౌక పందెపు తావునకు సొంత తెరచాపలపై సముద్రము దాటి రావలెననియు నియమము. ఇందలి మెలకువ గమనింపదగినది. సవాలు చేయువాడు మహాసముద్రపు తుపానులకు ఆగు బరువైన నౌకను కట్టవలెను; కప్పు గలవాడు రేవులో పరుగెత్తు తేలిక నౌకను కట్టినను చాలును.

నియమ మెక్కడ ఉండునో దాని సందు వెదకు నేర్పరియు అక్కడ ఉండును. అమెరికావారికి అట్టి నేర్పరి నతానియల్ హెరెషాఫ్. 1895లో ఆయన కట్టిన 'డిఫెండర్' నౌకకు నీటి క్రింద కంచు రేకులు, నీటిపైన అల్యూమినియము రేకులు, లోపల ఉక్కు పక్కటెముకలు. అల్యూమినియము తేలిక గనుక వేగము వచ్చెను. కాని ఉప్పునీటిలో ఈ లోహము లొకటికొకటి తగిలిన విద్యుత్తు పుట్టి ఒకదానిని తినివేయును. కొలది యేండ్లకే ఆ నౌక పుచ్చిపోయెను. ఒక్క పందెము గెలిచిన చాలు, ఆపైన ఏమైనను సరియే అను తలంపు ఈ ఆటలో అప్పుడే వేరూనినది.

1903లో ఆయన కట్టిన 'రిలయన్సు' ఇంకను విచిత్రమైనది. నీటిమట్టపు పొడవు 90 అడుగులు మించరాదు గదా! నౌక నిటారుగా నిలిచియున్నప్పుడు కొలిచిన అది 90 లోపే. కాని ముందును వెనుకను అది నీటిపైకి పొడుచుకొని మొత్తము 144 అడుగు లుండెను. గాలికి ఒరిగిన వెంటనే ఆ పొడుచుకొన్న భాగములు నీట మునిగి నౌక పొడవు హెచ్చెడిది. పొడవుతో వేగమును హెచ్చెడిది. దాని తెరచాపల వైశాల్యము 16,160 చదరపు అడుగులు, అనగా 37 సెంట్ల నేల. నడుపుటకు 64 మంది. ఆ ఒక్క వేసవి ముగియగానే దాని పనియు ముగిసినది. 1913లో దానిని విఱిచి పాత యినుమునకు అమ్మిరి.

'రిలయన్సు' చేతిలో ఓడిన నౌక సర్ థామస్ లిప్టన్‌ది. ఆ పేరు మన పాఠకులకు క్రొత్తది కాదు. టీ పొట్లములపై చూచినదే. పేద తల్లిదండ్రులకు పుట్టి, గ్లాస్గోలో చిన్న అంగడి పెట్టి, సింహళమున తేయాకు తోటలు కొని కోటీశ్వరుడైన వ్యక్తి ఆయన. అంగడివాడు గనుక రాయల్ యాట్ స్క్వాడ్రన్ ఆయనను చాలకాలము సభ్యునిగా చేర్చుకొనలేదు. అందుచే ఐర్లండులోని రాయల్ అల్స్టర్ క్లబ్బు పేరున 1899, 1901, 1903, 1920, 1930 సంవత్సరములలో అయిదుసారులు 'షామ్రాక్' అను పేరుగల నౌకలతో ఆయన సవాలు చేసెను. 1920లో మొదటి రెండు పందెములు గెలిచి, ఇంకొక్కటి గెలిచిన కప్పు చేతికి వచ్చు తరుణమున వరుసగా మూడింట ఓడెను. ఓటమిని ఆయన నవ్వుతో స్వీకరించెను. 1930 తరువాత అమెరికా ప్రజలు చందాలు వేసికొని ఆయనకు ఒక బంగారు కప్పును బహూకరించిరి. స్క్వాడ్రన్ తలుపులు తెఱచునప్పటికి ఆయన జీవితము చివరి మజిలీకి వచ్చెను. 1931లో ఆయన మరణించెను.

1930లో పందెము న్యూపోర్టు రేవునకు మాఱెను. అప్పటి నౌకలను జె తరగతివందురు. గాలి, విమానము, లోహము, వీనినిగూర్చిన శాస్త్రము లన్నియు అప్పటికి వృద్ధిలోనికి వచ్చినవి. 'ఎంటర్‌ప్రైజు' నౌకకు విమానములలో వాడు డ్యూరాల్యుమిను లోహపు కొయ్య నెత్తిరి. 1934లో సవాలు చేసిన టామీ సాప్విత్ విమానముల నిర్మాతయే. ఆయన 'ఎండెవర్' ఆనాటి నౌకలలో వేగవంతమైనదని పలువు రనిరి. కాని బయలుదేరుటకు ముందు కూలినావికులు జీతము హెచ్చింపుమని సమ్మె చేయగా, వారిని మాన్పించి అలవాటు తక్కువైనవారిని ఎక్కించుకొని వచ్చెను. మొదటి రెండు పందెములు గెలిచి తరువాతి నాలుగును ఓడెను. మంచి నౌక యుండియు మనుష్యులు చాలకపోయినచో ఏమగునో దీనివలన తెలిసినది. 1937లో గెలిచిన 'రేంజరు' నౌకను కట్టకముందే చిన్న నమూనాలను నీటితొట్టిలో లాగి పరీక్షించిరి. కంటి అంచనా పోయి కొలత వచ్చినది.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున జె నౌకలలో పెక్కింటిని లోహమునకై విఱిచివేసిరి. యుద్ధానంతరము అట్టి వ్యయమును భరింపగలవారు లేకపోయిరి. 1956లో న్యాయస్థానముచే దానపత్రమును సవరింపించి, చిన్న నౌకలకును, సముద్రము దాటి రానక్కఱలేని నౌకలకును అవకాశ మిచ్చిరి. 1958 నుండి 12 మీటర్ల తరగతి వచ్చెను. 12 మీటర్లన్నది నౌక పొడవు కాదు. పొడవు, చుట్టుకొలత, తెరచాపల వైశాల్యము మున్నగువానిని ఒక సూత్రములో కూర్చి లెక్కింపగా వచ్చు మొత్తము. ఒకచోట తగ్గించుకొన్న ఇంకొకచోట పెంచుకొనవచ్చును. ఈ సూత్రముతో పోరాడుటలో ఆలిన్ స్టీఫెన్స్ అను అమెరికా శిల్పి పేరుగాంచెను. 1967లో ఆయన 'ఇంట్రెపిడ్' నౌకకు చుక్కానిని కీల్ నుండి వేఱుచేసి వెనుకకు జరిపెను. దీనిచే నీటి రాపిడి తగ్గెను, మలుపు సులువయ్యెను.

న్యూయార్కు క్లబ్బువారు కప్పును తమ భవనమున ఒక బల్లకు మరలు బిగించి నిలిపియుంచిరి. 1983 వఱకు దానిని విప్పవలసిన అవసరము కలుగలేదు. ఆ యేడు ఆస్ట్రేలియానుండి అలన్ బాండ్ అను వ్యాపారి 'ఆస్ట్రేలియా 2' అను నౌకతో వచ్చెను. శిల్పి బెన్ లెక్సెన్; బాల్యమునందే బడి విడిచినవాడు. రేవులో నౌకను పైకెత్తినప్పుడెల్ల దాని అడుగును గుడ్డతెరలతో కప్పుచుండిరి. లోపల నేమున్నదో చూడవలె నని అందఱికి ఆరాటము.

దాచినది కీల్ ఆకృతి. అందఱి కీలును పైన వెడల్పుగా, క్రింద సన్నగా నుండగా, లెక్సెన్ నౌకకు అది తలక్రిందుగా నుండెను. అడుగు వెడల్పై, ఆ చివర ఇరువైపుల సీసముతో చేసిన రెక్కలు రెండు క్రిందికి వాలియుండెను. బరువు లోతున చేరుటచే నౌక నిలకడ హెచ్చెను. నౌక ఒరిగినప్పుడు ఒక రెక్క లోతునకు దిగి ప్రక్కజాఱుడును ఆపెను. కీల్ కొనయందు నీరు సుడి తిరిగి బలము వ్యర్థమగుటయు తగ్గెను. అందుచే చిన్న, తేలికైన, చురుకుగా తిరుగు నౌకను కట్టుట సాధ్యమయ్యెను. ఇది నియమవిరుద్ధమని న్యూయార్కువారు వాదించిరి, వాదము నెగ్గలేదు.

ఏడు పందెములలో నాలుగు గెలిచినవారికి కప్పు. అమెరికా పక్షమున 'లిబర్టీ' నౌక చుక్కాని డెనిస్ కానర్ చేతిలో నుండెను. మొదట ఆయన 3, ఆస్ట్రేలియావారు 1. ఆపైన లెక్క 3-3 ఆయెను. సెప్టెంబరు 26న ఏడవ పందెము. చివరి రెండు ఘట్టములు మిగిలినప్పుడు ఆస్ట్రేలియా నౌక 57 సెకనులు వెనుకబడి యుండెను. గాలివాలున పోవు ఆ ఘట్టమున జాన్ బెర్ట్రండ్ తన నౌకను మెఱుగైన గాలి గల వైపునకు నడిపి ముందునకు వచ్చెను. 41 సెకనుల తేడాతో గెలిచెను. 132 ఏండ్ల తరువాత కప్పు అమెరికాను విడిచినది. గెలిపించినది కీలా, బెర్ట్రండా? ఆ నౌక వేగమైనదే. ఐనను కానర్ దానిని మూడుసారులు ఓడించెను. ఆ చివరి ఘట్టమున గాలిని కనిపెట్టినది మనిషి కన్నే.

1987లో ఫ్రీమాంటిలు రేవున కానర్ కప్పును తిరిగి గెలిచి కొనిపోయెను. మఱుసటి యేడు జరిగినది ఈ ఆటకు వన్నె తేలేదు. న్యూజిలాండు దేశీయుడు మైకేల్ ఫే దానపత్రపు పాత అక్షరములను పట్టుకొని 90 అడుగుల నీటిమట్టపు మహానౌకతో సవాలు చేసెను. నౌకకు పొట్టలు ఎన్ని యుండవలెనో దానపత్రము చెప్పలేదు గదా యని అమెరికావారు జంటపొట్టల నౌకతో ఎదిరించిరి. రెండు పడవలను ప్రక్కప్రక్కన కట్టినట్లుండు దీనిని కాటమరాన్ అందురు; మన తూర్పుతీరపు కట్టుమరము పేరే ఆంగ్లమున ఇట్లు మాఱినది. సన్నని పొట్టలు గనుక అది పెద్ద అలను లేపదు. మనము చెప్పుకొన్న వేగపు హద్దు దానికంతగా అడ్డురాదు. పందెము రెండు దినములలో ముగిసెను. వ్యాజ్యము మాత్రము 1990 వఱకు నడచి, అమెరికావారి పక్షమున తీర్పు వచ్చెను.

1992 నుండి కర్బనపు నారతో చేసిన తేలిక నౌకలు వచ్చినవి. 1995లో చిన్న దేశమైన న్యూజిలాండు పీటర్ బ్లేక్ నాయకత్వమున 5-0గా గెలిచెను. బ్లేక్ తొడిగిన ఎఱ్ఱ మేజోళ్లు శుభసూచకమని నమ్మి ఆ దేశప్రజలు తామును ఎఱ్ఱ మేజోళ్లు కొని ఖర్చులకు సాయపడిరి. 1997లో ఒకడు ఆక్లండు క్లబ్బులో సుత్తెతో కప్పును చితకగొట్టగా, గెరార్డువారే దానిని ఉచితముగా బాగుచేసి యిచ్చిరి. 2003లో దానిని గెలిచినది సముద్రతీరమే లేని స్విట్జర్లండు. ఆ నౌకను నడిపినవాడు మాత్రము న్యూజిలాండు దేశపు రస్సెల్ కూట్స్. దేశముల నడుమ పోటీ యన్న దానపత్రపు మాట ధనము ముందు ఎంత నిలుచునో అప్పుడు పలువురు ప్రశ్నించిరి.

2010లో గెలిచిన అమెరికా నౌకకు తెరచాపకు మాఱుగా గట్టి రెక్క నిలిపిరి. దాని ఎత్తు 68 మీటర్లు. బోయింగ్ 747 విమానపు ఒక రెక్క పొడవునకు రెండింతలకు పైమాట. ఇక మిగిలినది నీటి రాపిడి. దానిని వదలించుకొను ఉపాయము నీటిని వదలుటయే. నీరు గాలి కంటె ఇంచుమించు 800 రెట్లు సాంద్రమైనది. కావున నీటిలో చిన్న రెక్క నుంచినను, వేగము హెచ్చినప్పుడు అది పెద్ద నౌకను పైకెత్తగలదు. ఈ జలరెక్కలను ఫాయిల్ అందురు. 2012లో న్యూజిలాండువారు తమ 72 అడుగుల కాటమరాన్‌ను ఈ విధముగ నీటిపైకి లేపి ఎగురవేసిరి. నియమములు వ్రాసినవారు అట్లు ఎగురుటను ఉద్దేశింపలేదు. పొట్టలు నీటిని విడువగానే అలయు లేదు, అల పెట్టిన హద్దును లేదు.

గాలి కంటె వేగముగా గాలిచేతనే నడచుట ఎట్లని పాఠకులకు సందేహము కలుగవచ్చును. గాలి లేని దినమున సైకిలు తొక్కువాని ముఖమునకును గాలి తగులును గదా. వేగముగా పోవు నౌక అట్లే తన గాలిని తాను పెంచుకొనును. పెరిగిన గాలి మఱల వేగమును పెంచును. రాపిడి తక్కువైనకొలది ఇది సాగుచునే యుండును.

ఈ వేగమునకు మూల్యమును చెల్లింపవలసి వచ్చినది. 2013 మే 9న శాన్‌ఫ్రాన్సిస్కో రేవున అభ్యాసము చేయుచున్న స్వీడను పక్షపు కాటమరాన్ బోల్తాపడి విఱిగెను. 2008 ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకము నందిన ఆండ్రూ సింప్సన్ అను ఇంగ్లీషు నావికుడు దాని క్రింద చిక్కి మరణించెను. ఆయన వయస్సు 36 ఏండ్లు. పందెమును ఆపవలెనని కొంద ఱనిరి. గాలివేగపు పరిమితిని తగ్గించి, రక్షణ నియమములను కఠినపఱచి పందెమును జరిపిరి. శిల్పి గెలుపునకై నౌకను అంచువఱకు తీసికొనిపోవచ్చును. ఆ అంచున నిలుచువాడు నావికుడే యని ఆ దుర్ఘటన గుర్తుచేసినది.

ఆ సెప్టెంబరులో జరిగిన పందెము మఱవరానిది. న్యూజిలాండు 8, అమెరికా పక్షమైన ఒరాకిల్ 1. ఇంకొక్క గెలుపు చాలును. ఒకనాడు న్యూజిలాండు నౌక ఎంతో ముందుండగా గాలి మందగించెను. 40 నిమిషముల గడువు దాటిపోవుటచే ఆ పందెమును రద్దుచేసిరి. పిమ్మట ఒరాకిల్ వరుసగా ఎనిమిది గెలిచి 9-8గా కప్పును నిలుపుకొనెను. రాత్రులందు శిల్పులు నౌకను సవరించిరి; పగలు నావికులు గాలికెదురుగా ఎగురుచు పోవు క్రొత్త పద్ధతిని నేర్చుకొనిరి. ఒక పక్షము లేక రెండవది గెలువలేకపోయెడిది.

2017లో బెర్ముడాలో న్యూజిలాండు పగ తీర్చుకొనెను. తెరచాపలను కదలించు యంత్రములకు శక్తిని చేతులతో గాక కాళ్లతో పుట్టించుటకు నౌకపై సైకిలు తొక్కుళ్లు అమర్చిరి. 2021లో ఆక్లండున కీల్ లేని 75 అడుగుల ఒంటిపొట్ట నౌకలు వచ్చినవి. వాని ప్రక్కలనుండి చేతులవలె దిగు జలరెక్కలే వానికి ఆధారము. 2024లో బార్సిలోనాలో ఇట్టి నౌకలు మోటారు లేకయే 50 నాట్లు, అనగా గంటకు 92 కిలోమీటర్లు దాటినవి. నడుపుటకు ఎనిమిదిమందియే, వారిలో నలుగురు సైకిలు తొక్కువారు. న్యూజిలాండువారు రాయల్ యాట్ స్క్వాడ్రన్ పక్షమున వచ్చిన 'బ్రిటానియా'ను 7-2గా ఓడించిరి. 1851లో ఏ క్లబ్బు ఈ కప్పును బహుమాన మిచ్చెనో, ఆ క్లబ్బు 2024లోను దానిని తిరిగి పొందలేకపోయెను. ఆ యేడే మొదటిసారి స్త్రీలకు ప్రత్యేకముగా ఈ పోటీని నడుపగా ఇటలీ బృందము గెలిచినది.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. గెలుపు నౌకదా, నావికునిదా? దీనికి క్రీడాలోకము రెండు విధములుగ జవాబిచ్చినది. హైదరాబాదు హుస్సేన్‌సాగరుపై పందెములాడు లేజర్ పడవలను చూచినవారు ఒక జవాబును చూచినట్లే. ఒలింపిక్ క్రీడలలో చిరకాలముగా వాడుచున్న తరగతి యది. ఆ పడవలన్నియు ఒకే కొలతవి; ఏ మార్పును చేయరాదు. అక్కడ గెలుపు పూర్తిగా మనిషిది. అమెరికా కప్పు రెండవ జవాబు. అక్కడ నౌకను మార్చుటయు ఆటలో భాగమే. అందుచే అది ధనికులను విడిచి రాలేదు, న్యాయస్థానమును తప్పించుకొనలేదు, ఒక ప్రాణమును బలిగొన్నది. కాని పైలట్ల కూలిపడవ నుండి ఎగురు నౌక వఱకు గాలిని వాడుకొను విద్య అంత త్వరగా పెరిగినదియు అందుచేతనే.

హుస్సేన్‌సాగరు గట్టున నిలిచి చూచువారు ఈ సారి తెరచాపను మాత్రమే చూడక, చుక్కాని పట్టిన యువకుని కన్నులు ఎటు చూచుచున్నవో గమనింతురు గాక. అవి తెరచాపను గాని, ఎదుటి పడవను గాని చాలసేపు చూడవు. తరుచుగా నీటిపైని చిన్న చిన్న ముడుతలను చూచుచుండును. గాలి రాకను ముందుగా తెలుపునవి అవియే. 1983లో న్యూపోర్టు రేవున బెర్ట్రండ్ వెదకినదియు దానినే.